కొండ లింకు

తెర మీద ఊరంతా పచ్చచుక్కలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్క ఎర్రచుక్క పటంలో ఎక్కడో చివర, కొండ మీది సిగ్నల్ డిష్‌ది. చూడకూడదనుకుంటూనే ఆమె దాన్నే చూస్తోంది, పన్ను నొప్పెడుతుంటే నాలుక మాటిమాటికీ అక్కడికే పోయినట్టు. గంట ఆగాలి. గంట కాగానే ఆ డిష్ తనంతట తాను బుద్ధి తెచ్చుకుని పాత సెట్టింగులకి వెళ్ళిపోతే సరేసరి, లేకపోతే రేపు నిచ్చెన కొండెక్కాలి. నిచ్చెన అంటే మనిషే, టవర్లెక్కి డిష్‌లు బిగించే మనిషి, ఆరడుగుల మీద ఇంకో జానెడు ఉంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇందాక ఫోన్ చేస్తే, "ఈ పూట బండి లేదు మేడమ్. రేపే. అదీ వాన పడకపోతేనే," అన్నాడు. రేపంటే ఆదివారం. ఆదివారం పిల్లలకి ఫోన్ ఇవ్వరు. ఆ మర్నాడు సోమవారం, సోమవారం కోర్టు. ఈ లెక్క ఎటునుంచి వేసుకున్నా ఒకటే తేలుతోంది, ఉన్నది ఈ గంటే. ఆ గంటని తనే తన చేత్తో చెడగొట్టుకుంది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అని ఎవరినైనా ఎన్నిసార్లు అనలేదు తను, ఎంత తేలిగ్గా అనేది.

కొండ వెనక లోయ, లోయలో హాస్టలు బడి, ఆ బడిలో తన పిల్ల. లోయలో ఉన్న ఒకే ఒక్క సెల్ టవరూ, బడి ఆఫీసులో ఉన్న ఫోనూ, అన్నీ ఊళ్ళో ఒకటీ కొండ మీద ఒకటీ ఉన్న రెండు డిష్‌ల మధ్య గాలిలో నడిచే ఒక్క లింకు మీదే బతుకుతున్నాయి. శనివారం నాలుగు నుంచి ఐదు దాకా పిల్లలు ఇళ్ళకి మాట్లాడుకోవచ్చు. పోయిన శనివారం పిల్ల గొంతు ఎలాగో ఉంది, జలుబా అంటే కాదంది, తిన్నావా అంటే తిన్నానంది, ఇక తనే ఉండబట్టలేక ఏమనుకున్నావు మరి అని అడిగేసింది. అడగకుండా ఉండాల్సింది. కాసేపు అవతల ఎవరో పిల్లలు నవ్వుతున్న చప్పుడు వినిపించింది, ఆ తర్వాత పిల్ల, "వచ్చే శనివారం చెప్తానమ్మా. నువ్వు చెయ్యకు, నేనే చేస్తాను," అంది. ఎవరి దగ్గర ఉంటావమ్మా అని సోమవారం జడ్జిగారు అడుగుతారు, పద్నాలుగేళ్ళొచ్చాయి కదా, తన మాటే తీసుకుందామన్నారు. అందరి ముందూ చెప్పేలోపు తల్లి చెవిన వెయ్యాలనుకుంది పిల్ల, అంతేగా దానర్థం, ఇష్టం లేకపోతే చేస్తానని ఎందుకంటుంది. ఇష్టం లేకపోయినా చేస్తుంది, పాపం, నాన్న దగ్గరే ఉంటానమ్మా అని చెప్పడానికైనా చేస్తుంది, అడకత్తెరలో పోకచెక్కలా తయారు చేశారు దాన్ని ఇద్దరూ కలిసి. ఏదో ఒకటి చెప్పనీ. వినాలి తను. ఏం చెప్పినా సరేనమ్మా అనాలి, గొంతు వణక్కూడదు, వారం నుంచీ ఆ ఒక్క మాటా స్నానాల గదిలో అద్దం ముందు అని చూసుకుంటోంది, సరేనమ్మా, సరేనమ్మా, ఎన్నిసార్లన్నా అందులో ఏడుపు వినిపిస్తూనే ఉంది.

నాలుగు కావడమూ ఆ చుక్క ఎర్రబడడమూ ఒకేసారి జరిగాయి. కంప్యూటర్లో తను రాసిన స్క్రిప్టు తప్పేం లేదు, అది చెప్పింది చెప్పినట్టు చేసింది, చెప్పిందే తప్పు. ఊళ్ళో ఉన్న ప్రతి డిష్ పెట్టెలోకీ దానంతట అదే దూరి, పాత సెట్టింగులు చూసి, కొత్తవి రాసి, బయటికొచ్చి, పక్కదాని తలుపు తట్టే స్క్రిప్టు అది. నెలల తరబడి కూర్చుని రాసింది. పరీక్ష కోసం రెండు డిష్ పెట్టెల్ని ఈ బల్ల మీదే పక్కపక్కన పెట్టుకుంది. అంత దగ్గరగా ఉన్నప్పుడు అవి పూర్తి గొంతుతో మాట్లాడుకుంటే ఒకదాని చెవులు ఒకటి పగలగొట్టుకుంటాయి, అందుకని బల్ల మీద పని చేసేవాళ్ళంతా ముందు పవర్ తగ్గించే లైను ఒకటి రాస్తారు, గుసగుసలాడుకోండర్రా అని. పని పూర్తయ్యాక ఆ లైను తీసెయ్యాలి. ఆమె తియ్యలేదు. తీశాననుకుంది. ఊళ్ళో లింకులన్నీ ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి, గుసగుసలతోనే సరిపెట్టుకున్నాయి, ఎవరికీ తేడా తెలియలేదు. కొండది అలా కాదు, ఊరు దాటి అంత దూరం నుంచి మాట్లాడాలి. అది కూడా బుద్ధిమంతురాలిలా గొంతు తగ్గించుకుని, కొత్త సెట్టింగులు రాసుకుని, ఏదో అంటూనే ఉండి ఉంటుంది అక్కడ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ ఇంటికీ రచ్చకీ మధ్య ఎంత దూరముంటుందో ఎవరూ చెప్పలేదు.

"చెప్పానా అక్కా," అన్నాడు వెనక సీటతను, ఆఫీసులో అందరూ శకునపక్షి అని పిలిచే మనిషి. ఆమెకంటే పెద్దవాడే అయినా అక్కా అనే అంటాడు, అలా అంటే తన వయసు తగ్గుతుందని నమ్మకం. ఏ పని మొదలుపెట్టినా ఇది మునుగుతుందని ముందే చెప్పి, మునగ్గానే టీ తెచ్చిస్తాడు. "ఇటువైపు పవర్ మొత్తం పెంచి చూశారా?"

"పెంచాను. మనం అరిస్తే దానికి వినిపిస్తుంది. అది పలికేదే మనదాకా రాదు."

"మరి గంటలో వెనక్కి తిరిగే లైను పెట్టారుగా?"

"పెట్టాను. అది పాత పెట్టె. ఆ మాట దానికి తెలుసో లేదో."

అతను టీ కప్పు ఆమె మోచేతి దగ్గర పెట్టి, ఏదో అనబోయి మానుకున్నాడు. ఆమెకి ఆ మానుకోవడం చూస్తేనే భయం వేసింది, నోరు మూసుకోవడం అతని జాతకంలోనే లేదు. ఇంకేమైనా మునుగుతుందని అనొచ్చు కదా, అనేస్తే బాగుండు. కప్పు మీద పొర కడుతోంది. టీలో పొర కడితే పిల్ల వేలితో తీసి కప్పు అంచుకి రాసేది, అసహ్యంగా చెయ్యకు అని తను కసిరేది, చెయ్యనీ, ఇప్పుడు ఎదురుగా కూర్చుని అన్ని కప్పుల అంచులకీ రాసినా తను ఏమీ అనదు.

గుసగుసలు. ఇంట్లో కూడా అంతే జరిగింది కదా, మొదట్లో అరుచుకున్నారు, పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకునేంతగా అరుచుకున్నారు, ఒకరోజు పిల్ల పుస్తకాల సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది, బడికి టైమైందని కూడా ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు నుంచి నెమ్మదిగా మాట్లాడు, పిల్ల వింటుంది అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు, ఇద్దరికీ కుదిరిన ఏకైక ఒప్పందం అది. తలుపు వేసుకుని, పళ్ళ మధ్య నుంచి, పెదాలు కదిలీ కదలకుండా, అరుపుల్లో అనలేని మాటలన్నీ గుసగుసల్లో అనుకున్నారు. నువ్వు మనిషివా అని గొంతు పెంచి అంటే కోపం అనుకోవచ్చు, మెల్లగా అంటే అది నిజంగానే అడిగినట్టుంటుంది. పిల్లకి ఏమీ తెలియదనుకున్నారు. మంచినీళ్ళకి లేచినప్పుడు ఒకసారి చూస్తే పిల్ల తన గది గుమ్మంలో నేల మీద కూర్చుని గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నిద్రపోతోందా, నటించిందా. అడగలేదు. ఎత్తుకుని మంచం మీద వేస్తే బరువుగా అనిపించింది, ఇంత పెద్దదెప్పుడైందని ఆశ్చర్యపోయింది, పొద్దున లేచి ఎప్పటిలాగే పళ్ళు తోమావా సంచి సర్దావా అని అడిగింది. హాస్టలుకి వెళ్తానని పిల్లే అంది ఆ ఏడాది. అక్కడ ఆటస్థలం బాగుంటుందిట, అంది. ఆటలంటే దానికి ఎప్పుడు పడ్డాయి గనక.

పళ్ళు తోమావా. తోమకపోతే తోము. సంచి సర్దావా. సర్దకపోతే సర్దు. పిల్ల తండ్రి ఒకసారి నవ్వుతూనే అన్నాడు, "నీ పెట్టెలకి చెప్పినట్టు చెప్తావేంటి దానికి? అది ఓకే అని కూడా అచ్చం వాటిలాగే అంటోంది చూడు." అప్పట్లో అతని నవ్వులో ఇంకా నవ్వు ఉండేది. ఆమె కూడా నవ్వింది గానీ లోపల గుచ్చుకుంది, గుచ్చుకుందని చెప్పలేదు, పెట్టె మీద పెట్టె చూసుకుంటూ ఊరంతా తిరిగే బతుకు తనది, మేడలెక్కి ఎండలో లాప్‌టాప్‌కి చున్నీ కప్పుకుని ఒక్కో అక్షరమే కొట్టాలి, ఒక్క డిష్‌కి ఒక పూట, ఒక్క తప్పు పడితే రెండు పూటలు. ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. అందుకే కదా ఈ స్క్రిప్టు మొదలుపెట్టింది, ఈ పనంతా దానంతట అదే జరిగిపోతే సాయంత్రం వెలుతురుండగానే ఇంటికి పోవచ్చని. ఆఫీసు నడిపే పెద్దాయనకి వేరే కారణాలు చెప్పింది, ఖర్చు తగ్గుతుందనీ తప్పులు తగ్గుతాయనీ. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అంటూ ఇంటికి తొందరగా వెళ్ళే స్క్రిప్టు కోసం ఇంటికి ఇంకా ఆలస్యంగా వెళ్ళింది. అది పూర్తయ్యేసరికి తొందరగా వెళ్ళడానికి ఇల్లు లేదు, ఒక అద్దె గది ఉంది, అందులో రెండు మంచాలు వేసింది, రెండో దాని మీద కొత్త దుప్పటి పరిచింది, వారానికోసారి దులిపి మళ్ళీ పరుస్తుంది. నవ్వొస్తుంది తలుచుకుంటే. నవ్వడానికి పక్కన ఎవరైనా ఉంటే వచ్చేదే.

కొండది చీకటిపడ్డాకే చెయ్యాలని మొదట్నుంచీ అనుకుంది. వరుసలో దాన్ని ఆఖరున పెట్టింది, ఆ వరుస నడిచేసరికి ఎటూ పొద్దుగూకుతుంది, ఆలోపు పిల్ల ఫోన్ అయిపోతుంది, అప్పుడు ఏమైనా కానీ. అంతా లెక్క వేసుకుంది. స్క్రిప్టు ఇంత వేగంగా నడుస్తుందన్న ఒక్కటే లెక్కలో లేదు. మధ్యాహ్నం దాటేసరికి ఊరు సగం చుట్టేసింది, పచ్చచుక్కలు ఒకటి వెనక ఒకటి పడుతుంటే పెద్దాయన కుర్చీ లాక్కొచ్చి పక్కన కూర్చుని సినిమా చూసినట్టు చూశాడు, "ఏం రాశావమ్మా, ఏం రాశావు," అన్నాడు. అప్పుడు ఆపొచ్చు. ఒక్క మీట నొక్కితే ఆగేది. కొండది ఆగనివ్వండి సార్, అక్కడ మా అమ్మాయి ఉంది, ఫోన్ చేస్తుంది అంటే కాదనేవాడు కాదు, పెద్దాయన మంచివాడే. కానీ ఎవరో పక్కన కూర్చుని ఏం రాశావమ్మా అని ఎన్నాళ్ళైందో, ఆ మాట ఇంకొంచెంసేపు వినాలనిపించింది. దాని కోసమా. తల్లి అన్నది దాని కోసం పిల్ల ఫోన్ పోగొట్టుకుంటుందా. పోగొట్టుకుంది, ఇదిగో, ఎర్రగా కనిపిస్తూనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు స్క్రిప్టు తెరిచి ఆ గుసగుసల లైను తీసేసింది, సేవ్ చేసింది, తీసేశానా అని మళ్ళీ తెరిచి చూసింది, మళ్ళీ చూసింది.

ఇప్పుడక్కడ ఏమవుతూ ఉంటుంది. హాస్టలు ఆఫీసు బయట వసారాలో పిల్లలు వరుసగా నిలబడి ఉంటారు, చేర్పించిన రోజు చూసింది ఆ వసారా, కింద పచ్చరంగు గచ్చు, చెప్పుల స్టాండు, గోడకి గంట. వరుసలో ముందున్న పిల్ల నంబరు నొక్కి, రావట్లేదు మేడమ్ అని ఉంటుంది. వార్డెన్ ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకుని, తీగ కదిపి, రాదు పొండమ్మా అని ఉంటుంది. కొందరు వెళ్ళిపోయి ఉంటారు. తన పిల్ల వెళ్ళదు. అది మొండిది, చిన్నప్పుడు బుడంకాయంత ఉన్నప్పుడే బొమ్మ కొనేదాకా కొట్టు ముందు నిలబడేది, ఏడవకుండా, అడక్కుండా, ఊరికే నిలబడేది. ఆ వసారాలో ఒక్కతే నిలబడి ఉంటుంది, రెండు జడలు, ఒకటి ఎప్పుడూ వదులు. అమ్మ కావాలనే ఫోన్ తియ్యట్లేదనుకుంటుందా. లింకు లేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది, అమ్మకి వినడం ఇష్టం లేదనుకుంటుంది, వారమంతా గుండెలో మోసిన మాట నోటిదాకా తెచ్చుకున్నాక వినేవాళ్ళు లేకపోతే ఆ మాట ఏమవుతుంది, మారిపోతుందేమో, నీ దగ్గరే ఉంటానమ్మా అని చెప్దామని వచ్చిన పిల్ల సరే పో అనుకుని వెనక్కి తిరుగుతుందేమో. దేవుడా. ఉన్నావో లేవో, నీకెప్పుడూ పెద్దగా పని చెప్పలేదు నేను. ఆ పాత పెట్టెకి ఒక్క మాట అర్థమయ్యేలా చూడు. గడియారం వైపు చూడకూడదనుకుని వీధి వైపు చూసింది, కింద ఎవరో గొడుగు విప్పుతున్నారు, ఎదుటి మేడ మీద తనే ఒకప్పుడు బిగించిన డిష్ కొత్త సెట్టింగులతో హాయిగా ఉంది, వాన మొదలైంది. వాన పడితే నిచ్చెన రేపు కూడా ఎక్కడు. ఇక్కడ ఏడవకూడదు. ఆఫీసులో ఏడిస్తే పెద్దాయన కంగారుపడతాడు, లింకు పోయినందుకనుకుంటాడు, పోన్లేమ్మా ఒక్క లింకేగా అంటాడు.

"అక్కా!" శకునపక్షి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వచ్చింది! వచ్చిందక్కా, చూడండి!"

పచ్చగా ఉంది. కొండ పచ్చగా ఉంది. పాత పెట్టెకి మాట అర్థమైంది, గంట చూసి, తన మాటకి ఎవరూ బదులివ్వకపోయేసరికి ముసలిదైనా మాట మీద నిలబడి పాత గొంతుతో పిలిచింది. ఆమె రెండు చేతుల్తోనూ మొహం కప్పుకుంది. పెద్దాయన గదిలోంచి బయటికొచ్చి, "నాకు తెలుసమ్మా, నువ్వు రాసినదాంట్లో వెనక్కి తిరిగే దారి లేకుండా ఉంటుందా," అన్నాడు, ఆమెకి అతన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. ఫోన్ తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టింది. ఇప్పుడు చేస్తుంది. వసారాలో ఉన్నవాళ్ళెవరో కలుస్తోందే అని అరుస్తారు, పిల్ల పరుగెత్తుకొస్తుంది. ఐదు దాటితే మాత్రం ఏం, పిల్లల ఫోన్లు పోయాయి కదా, వార్డెన్ ఇంకొంచెంసేపు ఇస్తుంది, ఆ మాత్రం జాలి ఉండదూ. ఫోన్ మోగలేదు. వరుసలో ముందున్నవాళ్ళు మాట్లాడుతున్నారేమో. ఒక్కో పిల్లకి కొంత సమయం, ఆ తర్వాత ఇంకో పిల్ల. టీ మీద పొర గట్టిపడింది. ఫోన్ మోగలేదు. నువ్వు చెయ్యకు అంది పిల్ల, చెయ్యకూడదు, మాటంటే మాట, కానీ లింకు పోయిన సంగతి దానికి తెలియదు కదా, అది చెప్పాలి, తప్పు నాదేనమ్మా, నేనే పిచ్చిపని చేశాను, నువ్వు చేసినప్పుడు అందుకే కలవలేదు అని చెప్పాలి. అంతవరకే చెప్పి పెట్టేస్తుంది. నంబరు నొక్కింది. కొండ దాటి, లోయ దాటి, అవతల మోగడం ఎంత స్పష్టంగా వినిపిస్తోందో.

"హలో, హాస్టలండీ," అంది వార్డెన్.

ఆమె తనెవరో చెప్పింది. పిల్లని ఒక్కసారి పిలవమంది. ఇందాక ఫోన్లు కలవలేదు, తను ప్రయత్నించే ఉంటుంది, అంది.

"అయ్యో, మీ పాప లేదు కదమ్మా. పొద్దున టిఫిన్లయ్యాకే వాళ్ళ నాన్నగారొచ్చి తీసుకెళ్ళారు. పెట్టె అంతా సర్దుకునే వెళ్ళింది, ఇక ఆయన దగ్గరే ఉండి అక్కడి బడికే వెళ్తుందట. పోయిన శనివారమే మీకు ఫోన్లో చెప్పేశానందే?" వార్డెన్ గొంతులో చిన్న అనుమానం తొంగిచూసింది. "చెప్పలేదా అమ్మా?"

పొద్దున. పొద్దున లింకు నిక్షేపంలా ఉంది. పొద్దున లోయంతా మాట్లాడుకుంది. ఈ గంటసేపూ వసారాలో తన కోసం ఎవరూ నిలబడలేదు. తను కోసింది ఏ తీగనీ కాదు, అవతలి కొసన ఎవరూ లేని తీగని. పిల్ల ఫోన్ రాకపోవడం నిజంగా తన తప్పే అయి ఉంటే ఎంత బాగుండేది, స్క్రిప్టు వల్లే, పవర్ లైను వల్లే, పెద్దాయన పొగడ్త కోసం ఆపకపోవడం వల్లే అయి ఉంటే జీవితాంతం తిట్టుకుంటూ హాయిగా బతికేది. పిల్లకి చెప్పడానికి పోయిన శనివారం ఉంది, ఇవాళ నాన్న ఫోన్ ఉంది, తల్లి ఉంది, చెప్పలేకపోయింది. ఎంత భయపడిందో నన్ను చూసి, అనుకుంది ఆమె, ఎంత భయపెట్టానో. చివరికి ఇంకొకరితో, అమ్మకి చెప్పేశాను అని ఒక చిన్న అబద్ధం ఆడి, తల వంచుకుని కారెక్కి ఉంటుంది. ఆ అబద్ధం పట్టుబడితే వార్డెన్ దాన్ని ఏమనుకుంటుంది.

"చెప్పింది," అంది ఆమె. "చెప్పిందండీ. నేనే మర్చిపోయాను, పనిలో పడి."

"అదే అనుకున్నాను. మంచి పిల్లమ్మా, అబద్ధం ఆడదు. ఇదిగో, తొందరలో స్వెట్టరు ఒకటి తాడు మీదే మర్చిపోయింది. పార్సిల్ చేయిస్తాను, ఎక్కడికి పంపమంటారు?"

"వాళ్ళ నాన్న ఇంటికే పంపండి," అని ఆమె చిరునామా చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి నంబరు, వీధి, మలుపులో మందుల షాపు, రెండో అంతస్తు, ఎడమ చేతి తలుపు. వార్డెన్ రాసుకునేందుకు వీలుగా ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు. నిరుటిదాకా తను కూడా అక్కడే ఉండేది.